నాలుగు శనగల చదరం

గల్ఫ్‌లో అల్ తుమామా అనే పేటలోని ఒక ఫ్లాట్‌లో భోజనాల బల్ల మీద, నానబెట్టిన శనగలకు టూత్‌పిక్‌లు గుచ్చి కూతురు చరిత చేసిన బొమ్మ అలాగే ఉంది. ఆ అమ్మాయి ఇన్ఫెక్షన్‌తో పోయి నెలయింది. యాంటీబయాటిక్‌ల మీద పరిశోధన చేసే తండ్రి రేపు మళ్ళీ డ్యూటీలో చేరాలి.

“నేను రేపు వెళ్ళను,” అన్నాడు భార్యతో.

“సరే. ఈ బొమ్మేమిటో చెప్పండి. చరితకైతే చెప్పారుగా.”

“మందు స్ఫటికాన్ని ఎక్స్‌రేలతో చూస్తే లోపలి అమరిక తెలుస్తుంది. ఇది అదే.”

“మధ్యలో ఈ చదరం?”

“నాలుగు పరమాణువుల మధ్య బంధాలు ఇరుకుగా వంగి ఉంటాయి. మందు బలమంతా అక్కడే.”

“మరి పిల్లకి ఇదే మందిస్తే ఎందుకు పనిచెయ్యలేదు?”

“కొన్ని బ్యాక్టీరియాలు సరిగ్గా ఆ చదరాన్నే తెంపేస్తాయి.”

“ఎక్కడ?”

“ఈ పుల్ల దగ్గర.”

“తెంపండి, చూస్తాను.”

“ఇప్పుడెందుకే?”

“ఐసీయూలోకి మిమ్మల్నొక్కరినే రానిచ్చారు. నేనేం చూడలేదు.”

“రావట్లేదు. శనగలు ఎండి పుల్లల్ని పట్టేసుకున్నాయి.”

“గట్టిగా లాగండి.”

“లాగుతూనే ఉన్నాను.”

“తెగట్లేదా?”

“లేదు.”

“అయితే వదిలెయ్యండి. రేపు క్యారియర్‌లోకి పప్పు చెయ్యనా, పులుసా?”

“...పప్పు.”