ఓనరు ఫోటో తిరిగే బోర్డు

పుంగనూరులో మోటార్లు చుట్టే షాపు. కాలిపోయిన బోరు మోటారు పక్కన, దాన్ని నడిపిన కంట్రోల్ బోర్డు ఉంది. బోర్డు తయారుచేసిన కంపెనీ మనిషిని రైతు కూతురు నిలదీస్తోంది.

"బోర్లో నీళ్ళయిపోతే మీ బోర్డు మోటారు ఆపాల గదప్పా. యాల ఆపలేదు?"

"దాంట్లో ఎక్కించింది ఊరికే దొరికే రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్మా. మనం ఏది ముందంటే అది ముందు జేస్తాది."

"ముందేం జెయ్యమంటివి?"

"బోర్డు తెర మీద మా ఓనరు ఫోటో తిప్పమంటిని."

"నీళ్ళు సూసేది?"

"ఫోటో తర్వాత."

"థూ! మా టమోటా తోట ఎండిపోతాంటే వాని మొగం ముందా?"

"ఓనరే అట్ల పెట్టమన్నాడు. మారిస్తే నా ఉద్యోగం పోతాదమ్మా."

"ఆ సిస్టం రాసి ఊరికే ఇచ్చినోళ్ళ ఫోటో యాడుండాది?"

"వాళ్ళు పెట్టుకోలేదు."

"నేనూ కంప్యూటరు సదివినదాన్నే. నీ ల్యాప్‌టాపు, బోర్డుకు తగిలించే కేబులు ఇట్లియ్యి. కొత్త మోటారు బిగించేలోగా ఈ మొగాన్ని నేనే వరసలో అడుక్కు తోస్తా."