అడ్డపొగ పాట

ఏటే చిన్నీ, నీ నాటకం చదివి వినిపించేవు, నవ్వేను. మీ అమ్మని ఆడిపోసుకున్నావు, మీ నాన్న పిసినారితనం మీద పాట కట్టేవు, పక్కింటావిణ్ణీ వదల్లేదు. మరి నువ్వెక్కడే అందులో?

"రాసింది నేనే కదా అమ్మమ్మా" అంటావా? నేనూ అలాగే రాసేను ఒకప్పుడు. కూర్చో.

అప్పుడు మేం మస్కట్లో, మత్రా అనే పేటలో ఉండేవాళ్ళం, బజారు వెనక, మూడో అంతస్తు. తొంభైల మొదలు... కాదు, ఇంకా ముందేమో, మీ అమ్మకి పాలపళ్ళు ఊడుతున్నాయి. మీ తాతయ్య కంపెనీలో అమెరికా ఇంజనీరు భార్య నాకో వీడియో కేసెట్టు ఇచ్చింది. అమెరికాలో యూదుల ఇంట్లో పెరిగినవాడొకడు, తన చిన్నతనమంతా పాటలు కట్టి తనే ఆడిన నాటకం. కడుపు చెక్కలే అనుకో. వీధంతా క్రిస్మస్ దీపాలు, యూదులకి ఆ పండగ లేదుగా, వీళ్ళిల్లు చీకటి. "మా బల్బులు మాడిపోయాయి" అని బళ్ళో అబద్ధం. వాళ్ళ అమ్మమ్మ చేపలుడకబెట్టి డబ్బాలో బడికి తెస్తే, "ఆవిడ మా వంటమనిషి" అంటాడు. అదీ పాటే. ఆ పాటలో మాత్రం వాడి గొంతు పడిపోతాది.

నేను అక్కడ కేసెట్టు ఆపేసి టీ పెట్టుకున్నాను. ఎందుకంటావా?

మా అమ్మ శ్రీకాకుళం నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది అప్పుడు. అడ్డపొగ మనిషి. తెలుసుగా, చుట్టని నిప్పువైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. పెట్టెలో చీరలు రెండు, చుట్టలు కట్టలు కట్టలు. కంపెనీ వాళ్ళెవరొచ్చినా అమ్మని లోపలి గదిలోకి తోసి తలుపేసేదాన్ని. "లోపలెవరు?" అంటే "ఎవరూ లేరండీ, కిటికీ గాలి." గాలికి చుట్టవాసనొస్తాదా!

ఆ ఉగాదికి మా తెలుగు సంఘంలో నేనూ పాటల నాటకం వేసేను, నా మస్కట్ కాపురం మీదే. ఇడ్లీని ఫోర్కుతో పొడిచేవాళ్ళు, బంగారం కొట్లో గంటసేపు చూసి మంచినీళ్ళు తాగి వచ్చేసేవాళ్ళు, అందర్నీ ఉతికేను. రిహార్సల్ చూసి మా అమ్మ అంది, "ఊరందర్నీ ఏకినావు. నన్ను గదిలో ఎట్టి తలుపేసినావు గదా, ఆ పాటేదే?"

సిగ్గేసింది. రాసేను. మంచి పాటే, నిజంగా. సంఘం అధ్యక్షులవారు చదివి, కళ్ళజోడు తీసి, "అమ్మా, మలయాళీలూ వస్తారు, గుజరాతీలూ వస్తారు. అడ్డపొగ అంటే మన పరువేం గాను? కొట్టేయండి" అన్నారు. కొట్టేసేను. ఎంత వినయమో నాకు! మీ తాతయ్యతో రోజుకి మూడు యుద్ధాలు చేసేదాన్ని, ఆ అధ్యక్షులవారి ముందు మాత్రం పాట మీద గీత తిన్నగా గీసేను. అమ్మకి చెప్పలేదు.

నాటకం రోజు అమ్మ కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పాట మొదలైనప్పుడల్లా పక్కావిణ్ణి పొడవడం, "ఇదేనా నాది? ఇదేనా?" స్టేజీ మీదికి వినిపిస్తానే ఉంది. నాటకం అయిపోయింది, చప్పట్లు. చూస్తే ఆ కుర్చీ ఖాళీ.

బయట ఒకటే నవ్వులు, లోపల మాకు రానన్ని. వెనక తలుపు సందులోంచి చూసేను. బిల్డింగులు కట్టే సైట్ల నుంచి వచ్చి, లోపల కుర్చీలు దొరక్క బయటే ఉండిపోయిన కరీంనగర్ వాళ్ళు పదిమంది. మధ్యలో మా అమ్మ, నోట్లో చుట్ట, నిప్పు లోపలికి, చెయ్యి ఇలా తిప్పుతా, "ఎవరూ లేరండీ, కిటికీ గాలి!" అచ్చం నా గొంతే. ఒకాయన కళ్ళు తుడుచుకుంటా, "మల్లొక్కపారి చెయ్యవా అవ్వా" అంటున్నాడు.

ఈసారి తలుపు వెనకాల ఉన్నది నేను. బయటికెళ్ళే ధైర్యం లేకపోయింది. ఇంటికొచ్చేక అమ్మ, "నా పాట నానే ఆడుకున్నాన్లే" అంది.

మొన్న శుక్రవారం నీ కాలేజీ పిల్లలొచ్చేరు. నేను దగ్గుతుంటే వచ్చి నా గది తలుపు ఎంత మెల్లిగా వేసేవే! చప్పుడైనా కాలేదు. నేనైతే ధడేలుమని వేసేదాన్ని, నీకు చదువెక్కువ.

తల దించుకోకే, తిట్టడం లేదు. పెన్ను తియ్యి. ఆ తలుపు పాట రాయి. ఎవరు కొట్టేయమన్నా కొట్టేయకు. నాటకం ఆడే రోజు నాకు ముందు వరసలో కుర్చీ వెయ్యి.