మార్తక్క అడిగిన ఒక్క ఏడాది

సారపాకలోని ఈ హాలుకు వచ్చిన పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. బోనకల్ నుంచి రైతులు వచ్చారు. నర్సరీ అక్కలు పొద్దున్నే బయలుదేరి వానలో తడుస్తూ వచ్చారు. కుర్చీలు చాలలేదు, మన్నించండి. ఇంతమంది వస్తారని మేం అనుకోలేదు. మనం పోగొట్టుకున్న మనిషికి ఈ దేశంలో సొంతిల్లు లేదు, సెంటు భూమి లేదు, రేషన్ కార్డు లేదు, ఓటు లేదు. అయినా ఈ హాలు నిండింది.

నా పేరు మురళీకృష్ణ. మాది వైరా. మార్తా ఫెరేరాతో కలిసి తొమ్మిదేళ్లు జామాయిల్ నారు వ్యాపారం చేశాను. ఆ కంపెనీని మూసేసింది కూడా నేనే. ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. చెప్తాను. కానీ అవి మాత్రమే చెప్పి ఈ వేదిక దిగిపోలేను.

మార్తా బ్రెజిల్ మనిషి. అక్కడి జామాయిల్ తోటల్లో ముప్పై ఏళ్లు పని నేర్చుకుని, ఉన్న సొమ్మంతా పట్టుకుని పదకొండేళ్ల కిందట మన దగ్గరికి వచ్చింది. నేను సగం పెట్టాను, ఆమె సగం పెట్టింది. ఇక్కడి గూడెంలో మహిళా సంఘం నర్సరీకి మేం తల్లి మొక్కలు ఇచ్చేవాళ్లం, వాళ్లు పెంచిన నారు మేం కొనేవాళ్లం. సంఘం పెద్ద నాగక్క దగ్గరే మార్తా తెలుగు నేర్చుకుంది. అందుకే ఆమె నోట వచ్చింది నాగక్క తెలుగే. ఆఫీసరు ముందైనా అదే భాష. ఎవరు నవ్వినా మార్చుకోలేదు. 

అప్పటి సంగతి ఒకటి చెప్తాను. మూడో ఏడు నారుకు పురుగు పట్టింది. ఆకుల మీద చిన్న చిన్న బొడిపెలు. మామూలు కంటికి కనిపించవు. బోనకల్ రైతులు ట్రాక్టర్లు తెచ్చి గేటు ముందు నిలబడ్డారు. అమ్మేద్దాం, మందు కొడితే పోతుందిలే అన్నాను నేను. ఆమె నా వైపు చూసి ఒకే మాట అంది. “నాలుగేండ్లు నీళ్లు పోసినంక చెప్తవా రైతుకు?” ఆ రోజే నలభై వేల మొక్కలు తగలబెట్టించింది. ట్రాక్టర్ల దగ్గరికి తనే వెళ్లి, ఒక్కొక్కరికీ విషయం చెప్పి, ఖాళీగా పంపింది. తిట్టినవాళ్లు తిట్టారు. ఆ తిట్టినవాళ్లు కూడా ఇవాళ ఇక్కడ ఉన్నారు. 

ఇక రెండేళ్ల కిందటి సంగతికి వస్తాను. నారుకు గిరాకీ పడిపోయింది. నాకు భయం పుట్టింది. మూసేద్దామన్నాను. అప్పుడు మార్తా నన్ను ఒకటి అడిగింది. “ఒక్క ఏడాది ఆగు మురళీ. నేను ఈడ ఉండేది ఈ కంపెనీ మీదనే.” 

ఆమె వీసా అటువంటిది. వ్యాపారంలో పెట్టుబడి పెట్టినందుకు ఇచ్చిన వీసా. వ్యాపారం ఉంటేనే వీసా. నాకు తెలియదని మీతో చెప్పొచ్చు. కాదనే మనిషి కూడా ఇప్పుడు లేదు. కానీ నాకు తెలుసు. ఆమె చెప్పింది, నేను విన్నాను. ఇంకో దారి ఏదో ఒకటి దొరక్కపోతుందా అనుకుని మూసివేత కాగితాల మీద సంతకం పెట్టాను.

దొరికిందా? 

హైదరాబాద్‌లో వకీలు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. మళ్లీ పెట్టుబడి పెడతారా అన్నాడు. ఆమెకు ఉన్నదంతా మొక్కల్లోనే పోయింది. ఉద్యోగం చూపించండి అన్నాడు. కానీ విదేశీయులకు పెద్ద జీతం ఉంటేనే ఆ వీసా ఇస్తారు. మన వైపు నర్సరీలో అంత జీతం ఎవరిస్తారు? నా ఎరువుల కొట్లో మేనేజరని, అంత జీతం ఇస్తున్నానని ఉత్తరం రాసిస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. “ఇయ్యని జీతం ఇచ్చినట్టు రాస్తవ్. రేపు నాగక్కకు ఇయ్యని కూలీ గూడ గట్లనే రాస్తవ్.” ఆ ఉత్తరం రాయలేదు.

పెళ్లి చేసుకుంటే ఉండొచ్చని ఎవరో అన్నారు. మన సీతయ్య గారు, భార్య పోయి ఒంటరిగా ఉన్నాయన, మంచి మనసుతో ముందుకొచ్చారు. పేరుకే పెళ్లి, కాగితం కోసమే అన్నారు. ఆయన ఇక్కడే ఉన్నారు, చెప్పమంటేనే చెప్తున్నాను. మార్తా ఆయనకు టీ పోసి ఇచ్చి, “మంచోనివి సీతయ్యా, అందుకే వద్దు” అంది. 

ఒక్కో తలుపూ అలా మూసుకుంటూ పోయింది. వీసా గడువు ఇంకో నెల ఉందనగా కడుపునొప్పి అని దవాఖానాకు వెళ్లింది. పెద్దపేగులో గడ్డ ఉందన్నారు. వకీలుకు ఫోన్ చేస్తే ఆయన గొంతులో హుషారు వినిపించింది. వైద్యం కోసమైతే ఉండనిస్తారు, దరఖాస్తు పెట్టండి అన్నాడు. పెట్టాం. వచ్చింది. “ఇన్నేండ్లు పని చేస్తే దొరకలే, రోగమొస్తే దొరికింది” అని మార్తా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆపరేషన్ ఏప్రిల్‌లోనే చేయించుకోమన్నారు డాక్టర్లు. కానీ కంపెనీ మూతపడ్డాక పని పోయిన ముప్పై మంది అక్కలకు ఆమె కొత్త పని నేర్పుతోంది. వెదురు, నల్లమద్ది, ఇప్ప మొక్కలు. సంఘానికి సొంతంగా వచ్చిన మొదటి ఆర్డరు అది, జులైలో మొక్కలు అప్పజెప్పాలి. ఆపరేషన్ అయి కోలుకుందని డాక్టర్ రాస్తే ఇక ఇక్కడ ఉండే పని లేదంటారు. అందుకని వాయిదా వేసింది. మాతో మాత్రం డాక్టర్లే తేదీ ఇవ్వలేదని చెప్పింది. ఆమె చెప్పిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే. 

వైద్యం వీసా మీద ఉన్నవాళ్లు పని చేయకూడదు. ఆ నియమాన్ని ఆమె ఎంతలా పాటించిందో నాగక్క నాకు మొన్న చెప్పింది. నర్సరీలో కుర్చీ వేసుకుని కూర్చునేదట. నోటితోనే చెప్పేదట. “మొక్క వంగితే సర్దబోయి, యాదికొచ్చి చెయ్యి ఎన్కకు తీసుకునేది. రెండు చేతులు ఒళ్లె పెట్టుకొని కూసునేది. నాకు పానం ఉసూరుమనేది” అంది నాగక్క.

జులైలో మొక్కలు వెళ్లాయి. ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఆగస్టులో ఆపరేషన్‌కు వెళితే, గడ్డ కాలేయానికి పాకిందన్నారు. నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే అన్నాడు డాక్టర్. ఆ మాట ఆయన నాతో అన్నాడు. వినవలసినవాడు నేనే. 

చనిపోయాక కూడా ఆమెకు కాగితాలు తప్పలేదు. పదకొండు రోజులు మార్చురీలో ఉంది. రక్తసంబంధీకులు ఎవరు, ఎక్కడ ఖననం చేస్తారు, స్థలం ఎవరిది అని అడిగారు. బ్రెజిల్‌లో ఉన్న తమ్ముడు అక్కడే పెట్టండి అని ఉత్తరం పంపాడు. అక్కడ అంటే ఎక్కడ? నా పొలంలో పెడదామంటే మా ఇంట్లోనే ఒప్పుకోలేదు. అదీ దాచను. అప్పుడు గూడెం పెద్ద జంపయ్య గారు ఊరందరినీ కూర్చోబెట్టారు. పరాయి మనిషి కదా అని ఎవరో అన్నారట. దానికి ఆయన, “యాడ జాగా లేదంటరేంది? మా అవ్వ పక్కన పెడతం” అన్నారు. జాగా ఇస్తున్నట్టు కాగితం మీద వేలిముద్ర వేశారు. వాళ్లవాళ్లకు ఎలా చేస్తారో అలాగే చేశారు. 

అక్కలారా, అన్నలారా, దీంట్లో ఎవరి తప్పు ఎంత అని తూచడానికి నేను రాలేదు. చట్టాన్ని తిట్టడానికీ రాలేదు. ఏ దేశమైనా ఎవరు ఉండాలో ఎవరు పోవాలో రాసుకుంటుంది. కానీ ఆమె అడిగింది దేశాన్ని కాదు. నన్ను. ఒక్క ఏడాది. గిరాకీ లేకపోయినా ఇంకో ఏడాది కంపెనీని ఈడ్చుకురావడం నా వల్ల అయ్యే పనే. అప్పుడు ఆమె గడ్డ సంగతి తెలిసిన రోజే ఆపరేషన్ బల్ల ఎక్కేది. బతికేదా? తెలియదు. తెలియకుండానే నేను పోతాను.

వీసాలు, కాగితాలు ఎవరికో సంబంధించినవి అనుకోకండి. మీ పక్కన పనిచేసే మనిషి, మీ ఇంట్లో కిరాయికి ఉన్న మనిషి, నేను ఇక్కడ ఉండేది నీ సంతకం మీద అని చెబితే, ఆ మాటను ఆ రోజే వినండి. 

ఇప్పుడు దయచేసి అందరూ లేవండి. నాగక్కా, మోకాళ్ల నొప్పితో నువ్వు లేవలేవు, కూర్చో. రెండు నిమిషాలు మార్తా కోసం మౌనంగా ఉందాం. ఆగుతానని ఒక్క మాట చెప్పవలసిన రోజున నేను నోరు మూసుకున్నాను. ఇవాళ చాలా మాట్లాడాను. ఇక చాలు.