పాప పరీక్ష అయ్యాకే

ఢిల్లీలో ఓ పెద్దాసుపత్రి, కేన్సర్ ఓపీ బయట ఇనప బెంచీ. డాక్టరు గదిలోంచి బయటికొచ్చిన దగ్గర్నుంచి సుభద్ర నోరు ఆగలేదు. పక్కనే కూర్చున్న కూతురు స్నిగ్ధకి ఇవాళ ఒక్కరోజు ఆ నోరు ఆగితే బావుండుననిపిస్తోంది. తండ్రి శివరామకృష్ణ రక్తపరీక్షకని కింది అంతస్తుకి వెళ్ళాడు.

"అసలా సీటీ స్కాన్ ఏప్రిల్లోనే తీయించాల్సింది. గొట్టం వేసి చూసి, ముక్క తీసి పంపినప్పుడే చెప్పాడా డాక్టరు. కడుపులో కేన్సరుంది, అది కడుపులోనే ఉందా, పక్కకి పాకిందా అన్నది స్కాన్‌లో చూడాలి, చూశాకే ఆపరేషన్ సంగతి అని. ఇదిగో, ఇప్పుడు చూశారు."

"నేనూ లోపలే ఉన్నాను కదమ్మా. విన్నాను."

"ఏం విన్నావు? కాలేయం మీద మచ్చలన్నాడు, విన్నావా? పొట్టలో నీరు చేరిందన్నాడు, విన్నావా? ఇప్పుడు కోసి లాభం లేదట. ముందు కీమో ఇచ్చి, మళ్ళీ స్కాన్ తీసి, ఏమైనా తగ్గిందేమో చూద్దామట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం."

"అప్పుడే తీసుంటే ఏం కనిపించేదో తను చెప్పలేనన్నారు కదా."

"అది ఆయన మర్యాద. అలా అనకపోతే మనం అక్కడే కూలబడతామని."

"మరి అప్పుడే ఎందుకు తీయించలేదు? నాతో అల్సరన్నారు. వచ్చినప్పుడల్లా అల్సర్, అల్సర్. మొన్న స్కాన్‌కి తీసుకొచ్చిన రోజున, ఆ ఫారం మీద చదివితేగానీ నాకు తెలియలేదు. మెషీన్ లోపల ఊపిరి బిగబట్టమని 'సాఁస్ రోకియే' అంటుంటే బయట నాకు ఊపిరాడలేదు. నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఎలా చెబుతాం? నీ నెత్తిమీద సివిల్స్ పెట్టుకుని ఎలా చెబుతామే? మీ నాన్నే అన్నారు. స్కాన్ అంటారు, ఆ వెనకే ఆపరేషనంటారు, పాప పుస్తకాలు పక్కన పడేసి పరిగెత్తుకొస్తుంది, ఏదైనా పాప పరీక్ష అయ్యాకే, అన్నారు. నాకూ నిజమేననిపించింది. డాక్టరు రెండుసార్లు ఫోన్ చేయించాడు తెలుసా? భయ్యా, హమారీ బేటీ కా ఐఏఎస్ ఎగ్జామ్ హై, బాద్ మే ఆయేంగే, అది అయ్యాకే వస్తామని పెట్టేశాను."

"నువ్వే పెట్టేశావా?"

"నేనే. మీ నాన్న పక్కనే కూర్చుని ఊఁ అన్నారు. మన ఆర్.కె. పురం బ్లాకంతా అడిగేవాళ్ళే, అంకుల్ అంత చిక్కిపోయారేంటి ఆంటీ అని. డైటింగ్ అని నవ్వాను. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది కదా. ఆదివారాలు నువ్వు లక్ష్మీ నగర్‌లో నీ పీజీ నుంచి వస్తే ఆయన నీ ముందు కూర్చుని గారెలు తినేవారు. నువ్వటు మెట్రోకి వెళ్ళగానే ఇటు బాత్రూములో కక్కుకునేవారు. పక్కింటికి వినబడకుండా నేను పంపు తిప్పేదాన్ని."

"అమ్మా, ప్లీజ్. ఆపు."

"ఎందుకాపడం? నిన్నేమీ అనడంలేదే. నీ తప్పేముంది ఇందులో? నువ్వు గట్టెక్కితే ఇంత పడ్డందుకూ ఓ ఫలితం ఉంటుందని, అంతే. బాగా రాశావు కదా?"

"నాన్న ఇంకా రాలేదేంటి? కింద క్యూ ఉందేమో. చూసొస్తాను."

"కూర్చో. అడిగినదానికి చెప్పు. పరీక్ష రోజునుంచీ అడుగుతూనే ఉన్నా, ఠీక్ హై, ఠీక్ హై అంటావు. ఠీక్ హై అంటే పాసవుతావా, అవవా?"

"అవను."

"అదేం మాట? ఇంకా ఫలితాలే రాలేదు."

"రాయలేదమ్మా."

"సరిగ్గా రాయలేదా?"

"అసలు రాయలేదు. అప్లికేషనే పెట్టలేదు. కోచింగ్ చలికాలంలోనే మానేశాను. నోయిడాలో ఉద్యోగం చేస్తున్నాను. మళ్ళీ ఫెయిలైతే నీకు మొహం ఎలా చూపించాలో తెలియలేదు. చెబుదాం, చెబుదాం అనుకుంటూనే..."

"ఏమంటున్నావే నువ్వు?"

"నా పరీక్ష కోసం స్కాన్ ఆపారని నాకు తెలీదమ్మా. తెలిస్తే ఆ నిమిషమే చెప్పేసేదాన్ని. నీమీదొట్టు."

"లేని పరీక్ష కోసమా? లేని పరీక్ష కోసం ఆ మనిషి అంత నొప్పి ఓర్చుకున్నారా? ఎంత పని చేశావే, స్నిగ్ధా. నీకు అన్నం పెట్టిన చేత్తోనే ఆ ఫోన్ పెట్టేశానే."

"నాన్నకి నేనే చెబుతాను. ఇప్పుడే."

"చెప్పావంటే నా మీద ఆన. నువ్వు రాస్తున్నావన్న సంతోషంతోనే ఆయన అంతా భరించారు. ఆ ఒక్కటైనా ఆయనకి మిగలనీ. అదిగో, వస్తున్నారు. కళ్ళు తుడుచుకో. తుడుచుకోవే."

"ఏంటి, తల్లీకూతుళ్ళిద్దరూ అలా ఉన్నారు? సూది గుచ్చింది నాకైతే ఏడుపులు మీకా?"

"ఏం లేదండీ. పాప పేపర్ గురించే. ఆన్సర్ కీ వచ్చిందట, ఓసారి చూసుకోవే అంటున్నాను."

"దానికి కీ ఎందుకు సుభద్రా? పాప రాస్తే కదా."

"నాన్నా..."

"ఏడవకు తల్లీ, నేనేమన్నానని? శివరాత్రికి ముందు ఓ రోజు ఆఫీసునుంచి అటే లక్ష్మీ నగర్ వచ్చాను, నీకు గోంగూర పచ్చడి ఇద్దామని. మీ పీజీ ఆంటీ చెప్పింది, బిటియా తో నౌకరీ పే జాతీ హై, నోయిడా, అని. నువ్వు ఉద్యోగానికి వెళ్తున్నావని. సీసా ఆవిడ చేతికే ఇచ్చి వచ్చేశాను. నీ అంతట నువ్వే చెబుతావులే అనుకున్నాను."

"శివరాత్రికా? ఏవండీ, అప్పటికి మీకు గొట్టం కూడా వేయలేదు."

"వేయలేదు."

"అంటే డాక్టరు స్కాన్ అన్న రోజుకే, పాపకి పరీక్ష లేదని మీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసీ పాప పరీక్ష అయ్యాకే అన్నారా? తెలిసీ నా చేత ఫోన్ పెట్టించారా? ఎందుకండీ? పక్కచూపులు చూడకుండా చెప్పండి."

"ఆ స్కాన్‌లో ఏం బయటపడుతుందోనని భయమేసింది, సుభద్రా. భయమని చెప్పుంటే ఆ రోజే చెయ్యి పట్టుకుని లాక్కుపోయేదానివి. పాప పరీక్ష అంటేనే ఊరుకుంటావు."