తలుపుకి రెండు కడియాలు

బుఖారాలో ఆ పాత వర్తకుడి ఇల్లు ఇప్పుడు ఆడపిల్లల హాస్టలు. గుమ్మానికి బిగించే పలక మీద ఇంటి చరిత్ర రాయడానికి తాష్కెంటు నుంచి ఒక ప్రొఫెసరు వచ్చాడు. నేల తుడిచే ముసలామె తడిగుడ్డ పట్టుకుని అతని వెనకే తిరుగుతోంది.

“లోపలికొచ్చే దారి మెలిక తిరిగింది చూశావా అవ్వా, అది ఇసుక గాలిని ఆపడానికి.”

“ఓహో! వీధిలో పోయేవాళ్ళకి ఆడవాళ్ళు కనపడకూడదని కట్టారనుకున్నాం, పిచ్చివాళ్ళం.”

“గోడలో ఈ గూళ్ళన్నీ పుస్తకాలకి.”

“ఇల్లు కట్టినాయన సంతకమే వేలిముద్ర! అవి పింగాణీ గిన్నెలకి బాబూ. ఇప్పుడు పిల్లలు షాంపూ సీసాలు పెట్టుకుంటున్నారు, అదీ రాసుకో.”

“పైకప్పుకి పట్టిన ఈ నలుపు మాత్రం వందేళ్ళ దీపాల పొగ.”

“పోయిన శుక్రవారం పలావు పొగ. గదిలో స్టవ్వు పెట్టొద్దంటే వింటారా?”

ప్రొఫెసరు ముఖం మాడ్చుకున్నాడు. “వీధి తలుపుకి తట్టి పిలిచే కడియాలు రెండున్నాయి. ఒకటి పాడైతే ఇంకోటి బిగించినట్టున్నారు.”

“పాడవడమేంటి! లావుది మోగితే మగవాళ్ళు వెళ్ళి తలుపు తీసేవారు, సన్నది మోగితే ఆడవాళ్ళు. ఇల్లు స్వాధీనం చేసుకోడానికి వచ్చిన సర్కారువాళ్ళు సన్నదే మోగించారు. పక్కింటావిడ అనుకుని మా నాయనమ్మే తలుపు తీసింది.”

అతని కలం ఆగిపోయింది. “మీ నాయనమ్మా? ఇంటివాళ్ళ వంశంలో ఎవరూ మిగల్లేదని రాసేశానే!”

“రాస్తే రాశావులే. కాలు తియ్యి, అక్కడ తుడవాలి.”

“ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?”

“ఎవరికని చెప్పను? పొద్దున నువ్వూ ఆ సర్కారువాళ్ళలాగే సన్నదే మోగించావు.”