ఒకే గీతలో రెండు జంపఖానాలు

ఆ పొద్దున కొత్తవాడ మీద మబ్బు కమ్మింది గానీ చినుకు రాలలేదు. భర్త ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేనేత సంఘం వెబ్ పేజీ తయారుచేస్తుంటే, ఆమె కండెలకు నూలు చుట్టడం ఆపి వచ్చి వెనక నిలబడింది. తెర మీద, దండేనికి వేసిన జంపఖానాల ఫొటో ఉంది.

"ఒక్కోదాని సుట్టు కనపడని గీత గీసిన. లోపల యాడ నొక్కినా నేసినోళ్ల పేరు వస్తది," అన్నాడతను.

"నా ఎర్రదాన్ని నొక్కు."

నొక్కాడు. సదానందం అని వచ్చింది.

"గది నీ పేరు గదనయ్యా?"

"పక్కది నాది. రెండు ఆనుకొని ఉన్నయని కలిపి ఒక్కటే గీత గీసిన."

"మంచిగ గీసినవ్. రేపు ఓటు గూడ నాది కలిపి నువ్వే వెయ్."

"మగ్గం నా పేరు మీదనే ఉందాయె. అందరిండ్లల్ల గిదే రివాజు."

"అవు మల్ల, మగ్గం దానంతటదే నేసింది. నేను పక్కన కూసోని ఈగలు తోలిన."

"ఒక్కింట్ల ఎవల పేరుంటేందే?"

"ఏం గాదు. రెంటికీ నాదే పెట్టు."

అతను తల గోక్కున్నాడు.

"ఏమాయె? ఒక్కిల్లే గదా!"

"జర ఆగు. మాపటికి గీ పేజీని సంఘపోళ్లు అందరికి పంపుతరు. నలుగురు చూస్తే ఏమనుకుంటరు?"

"అబ్బో! నీ పేరు లేకుంటే నలుగురు చూస్తరు. నాది లేకుంటే అందరు గుడ్డోళ్లయితరా?"

అతను ఆ పెద్ద గీతను చెరిపేశాడు. ముందు తన జంపఖానా చుట్టూ, ఆ తర్వాత ఎర్రదాని అంచు వెంబడి మెల్లగా వేరే గీత గీసి, దానికి పేరు టైపు చేశాడు. ఆమె ముందుకు వంగి తనే నొక్కింది.

వాసంతి.

అతను పేజీని సేవ్ చేశాడు. ఆమె లోపలికి వెళ్లి రెండు కంచాలు పెట్టింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పప్పన్నం తిన్నారు.