రెండో బ్రౌజర్

గిద్దలూరు బస్టాండు ఎదుటి నెట్ సెంటర్. రాచర్ల నుంచి వచ్చిన ఒకామె, కూతురికి కౌన్సెలింగ్‌లో సీటు వచ్చిన కాగితాన్ని కౌంటరు మీద పెట్టి, సెంటరు నడిపే అతన్ని నిలదీస్తోంది.

“నీ ముందరే గదా మార్కాపురం కాలేజీకి ఆప్షన్ పెట్టించినాం. మా కృపకు వైజాగు ఎట్ల వచ్చింది?”

“నేను మార్చలేదక్కా.”

“పిల్లలందరికీ నీ సెంటరు పేరే పాస్‌వర్డు పెడతావంట. ఎవురైనా తెరుస్తారు గదా.”

“మర్చిపోతారని అట్ల పెడతా. అది నా తప్పే. ఉండు, హిస్టరీ చూస్తా. మనం పెట్టింది సోమవారం. ఆ తర్వాత ఈ బ్రౌజర్‌లో ఎవురూ తెరవలేదు.”

“మరి?”

“ఇంకో బ్రౌజర్ ఉంది. దాన్ని ఎవురూ వాడరు, అయినా చూస్తా… ఇదిగో, బుధవారం పొద్దున ఆప్షన్లు మార్చినారు.”

“ఎవురు?”

“పేరు పడదక్కా. అంతకుముందు వైజాగులో ఆడపిల్లల హాస్టళ్ళు చూసినారు. గిద్దలూరు నుంచి రైళ్ళు కూడా.”

ఆమె కౌంటరు మీది కాగితాన్ని తీసి మడిచింది.

“బుధవారం నాకు మందులు తెస్తానని కృప గిద్దలూరు వచ్చింది.”

“తెచ్చిందా?”

“తెచ్చింది.”

“ఇందులో అయితే కనపడదనుకున్నట్టుంది పాపం.”

“వాళ్ళ నాయన బండి పెట్టి వస్తాండాడు. అడిగితే ఏం చెప్తావు?”

“ఉన్నదే చూపిస్తా. లేకుంటే నా మీదికొస్తాడు గదక్కా.”

“రానీ. పిల్లలందరికీ ఒకటే పాస్‌వర్డు పెట్టింది నువ్వే గదా. ముందు ఆ బుధవారం హిస్టరీ తుడిపెయ్యి.”